పాత సామాను, కాపురమున్న ఇల్లు

పాత వస్తువులతో ఇల్లు సర్దుకోవడం గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎనిమిదింటికి జవాబు రాస్తున్నాను. కర్నూలు పాత ఊళ్ళో ముప్పై ఏళ్ళకు పైగా కాపురం, బడిలో పిల్లలకు డ్రాయింగు, చేతిపనులు నేర్పిన ఉద్యోగం, సెలవు దొరికితే పాత తలుపులు, కిటికీలు అమ్మే షెడ్ల చుట్టూ తిరగడం. నాకు తెలిసిందంతా అక్కడ నేర్చుకున్నదే. ఆత్మకూరు నుంచి వచ్చిన ఉత్తరం చదివాక రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. దాన్ని చివరికి ఉంచాను.

ప్రశ్న: అక్కా, మాకు పెళ్ళయి ఎనిమిది నెలలు. రెండు గదుల బాడుగ ఇల్లు. తెల్ల గోడలు, ట్యూబులైటు, ప్లాస్టిక్ కుర్చీలు. ఇంటికొచ్చినా ఆఫీసులో ఉన్నట్టే ఉంది. పాత వస్తువులతో ఇల్లు సర్దుకోవాలని ఆశ. చేతిలో పదిహేను వేలుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక చెల్లెలు, అనంతపురం

జవాబు: చెల్లెమ్మా, మొదటి వారం ఏమీ కొనొద్దు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా మీరిద్దరూ ఇంట్లో ఎక్కడెక్కడ కూర్చుంటున్నారో గమనించు. టీ గ్లాసు ఎక్కడ పెడుతున్నారు, తాళంచెవులు ఎక్కడ పడేస్తున్నారు, తడి తువ్వాలు దేనిమీద ఆరేస్తున్నారు. వస్తువు కావలసింది ఆ చోట్లలోనే. పనిలేని వస్తువు ఎంత అందమైనదైనా ఆరు నెలలకు దుమ్ము పట్టి మూలకు చేరుతుంది. రోజూ చేయి తగిలే పాత వస్తువు రోజురోజుకూ నునుపు తేలుతుంది.

మొదటి ఖర్చు దీపానికి పెట్టు. నడినెత్తిన ట్యూబులైటు వెలుగుతున్నంత సేపు ఎంత మంచి సామాను తెచ్చినా ఆ గది అంగడిలాగే కనిపిస్తుంది. పాత కందీలు ఒకటి కొని, లోపల వత్తి తీసేసి, చిన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టించు. బల్బు డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉండాలి. ఆ వెలుగు పసుపుగా, దీపం వెలుగుకు దగ్గరగా ఉంటుంది. దాన్ని నెత్తి మీద వేలాడదీయకుండా కూర్చున్న మనిషి భుజం ఎత్తులో పెట్టు. ఇది బాడుగ ఇల్లు, గోడకు మేకు కొట్టే పని కూడా ఉండదు. వైరు, హోల్డరు మాత్రం కొత్తవే వేయించు. గుడ్డ చుట్టిన పాత వైరు చూడ్డానికి ముచ్చటగా ఉన్నా వాడొద్దు.

తర్వాత కూర్చునే చోటు. పడక కుర్చీ కానీ, నులక మంచం కానీ ఒక్కటి చాలు. పడక కుర్చీ కొనేటప్పుడు గుడ్డ చూడొద్దు, గుడ్డ మార్చుకోవచ్చు. వెనక కొయ్య ఆనుకునే గాట్లు అరిగిపోయాయా చూడు. అవి అరిగితే కూర్చున్నప్పుడు కొయ్య జారి మనిషి వెనక్కి పడతాడు. నులక మంచమైతే ఎదురెదురు మూలలు రెండు పట్టుకుని ఊపు. కాళ్ళ దగ్గర కిర్రుమంటే ఫరవాలేదు, నులక బిగిస్తే పోతుంది. కాలు పగులు తీసి ఉంటే వదిలెయ్.

మూడోది సందుగ, అంటే మూత ఉన్న కొయ్య పెట్టె. తక్కువ ఎత్తుది, మూత చదునుగా ఉన్నది చూసుకో. దాని మీద టీ గ్లాసులు పెట్టుకోవచ్చు, లోపల దుప్పట్లు దాచుకోవచ్చు. మూత తీసి తల లోపల పెట్టి వాసన చూడు. ముక్కిన వాసన వస్తే అడుగు చెక్క తడి తాగిందన్నమాట. పోయిన ఉగాదికి ముందు నేనొక సందుగ నాలుగున్నర వేలకు, పడక కుర్చీ రెండు వేల ఎనిమిది వందలకు కొన్నాను. నీకు ఈ మూడింటికీ పది వేలు దాటకూడదు. మిగిలింది బ్యాంకులో ఉంచుకో. నచ్చే వస్తువు ఎప్పుడు ఎదురొస్తుందో చెప్పలేం.

ఎక్కడ కొనాలంటావా? మన సీమలో ఇప్పుడు ఊరూరా మట్టి మిద్దెలు పడగొట్టి స్లాబు వేస్తున్నారు. పైన చవుడు మన్ను తోడేసి, దంతెలు (మన్ను కింద పరిచే సన్న వాసాలు), దూలాలు, తలుపులు, సందుగలు ట్రాక్టరుకెత్తి షెడ్డుకు తోలేస్తారు. వీలైతే పడగొట్టే ఇంటి దగ్గరికే వెళ్ళు. ఆ ఇంటి పెద్దామె అరుగు మీద కూర్చుని ఉంటుంది. “ఇది ఏ పనికి వాడేవాళ్ళవ్వా?” అని అడుగు. ఆమె చెప్పేది షెడ్డువాడు చెప్పలేడు. పోయినేడు గుత్తి దగ్గర ఒకావిడ కొయ్య పెట్టె అమ్ముతూ, అందులో మూడు తరాలు విత్తనం వేరుశనగ దాచామని చెప్పింది. దాని పట్లు అంత బిగువుగా ఎందుకున్నాయో నాకు అప్పుడర్థమైంది. పురుగు దూరకూడదు కదా.

టీపాయి కావాలనిపిస్తే ఇంకో మాట. తాడిపత్రిలోనూ కడప వైపునా నాపబండల పాలిష్ యూనిట్ల దగ్గర అంచు విరిగిన ముక్కలు చౌకగా ఇస్తారు. నల్లటి బండ ఒకటి పాత కుట్టుమిషను ఇనుప కాళ్ళ మీద పెడితే బల్ల తయారు. అది సున్నపురాయి జాతి. నిమ్మరసం, చింతపండు పులుసు పడితే తెల్లగా మరక తింటుంది. వెంటనే తుడవాలి.

ప్రశ్న: టీచరమ్మ గారూ, కడపలో పాత బంగళా సామాను అమ్ముతుంటే టేకు బీరువా ఒకటి కొన్నాను. రెండు నెలలకే కింద నేల మీద సన్నటి పిండి రాలుతోంది. మోసపోయానా? దీన్ని గీకించి కొత్త పాలిష్ వేయిస్తే సరిపోతుందా?
– ఒక రిటైర్డు ఉద్యోగి, కడప

జవాబు: అన్నా, కంగారు పడొద్దు. ముందు ఆ పురుగు ఇప్పుడు బతికి ఉందా, ఎప్పుడో తిని పోయిందా తేల్చుకోవాలి. బీరువా కింద, అరల్లో బాగా తుడిచి నల్ల చార్టు కాగితం పరవండి. పది రోజులు బీరువాను కదపకండి. కాగితం మీద మళ్ళీ పిండి పడితే పురుగు లోపలుంది. పడకపోతే మీరు తెచ్చేటప్పుడు కుదుపులకు రాలిన పాత పిండి అది.

ఇది చెద కాదు. చెద నేల నుంచి మట్టి దారి కట్టుకుని వస్తుంది. ఇది పుచ్చు పురుగు, గుండుసూది తలంత రంధ్రాలు చేస్తుంది. చేవ ఉన్న టేకును అది దాదాపు ముట్టదు. అది తినేది చేవకు బయట ఉండే లేత తెల్ల చెక్కను. బీరువా వెనక్కి తిప్పి చూడండి. ముందు తలుపులు మంచి టేకు వేసి, వెనక పలకలు, అరల అడుగులు చౌక చెక్కతో చేయడం వడ్రంగంలో ఎప్పుడూ ఉన్నదే. నూటికి తొంభై పాళ్ళు మీ పిండి అక్కడి నుంచే. ఆ పలకలు తీసేసి కొత్తవి వేయించండి. మిగిలిన రంధ్రాల్లో చెక్క పురుగుకని అమ్మే మందును సిరంజితో ఎక్కించి, మైనంతో మూయండి. చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ, గది కిటికీలు బార్లా తెరిచి. మందు వాసన పూర్తిగా పోయేదాకా బట్టలు పెట్టకండి.

చిన్న పీటలు, పెట్టెలకైతే నాకు మన ఎండే మందు. నల్ల ప్లాస్టిక్ పట్టలో గాలి చొరకుండా చుట్టి ఏప్రిల్, మే ఎండలో మిద్దె మీద నాలుగైదు రోజులు ఉంచుతాను. చెక్క నడిమధ్య వేడి 56 డిగ్రీలకు చేరి అరగంట నిలిస్తే లోపలి పురుగు, గుడ్డు రెండూ చస్తాయి. ఓడల్లో సరుకు పంపే కొయ్య పెట్టెలకు దేశదేశాల్లో పాటించే లెక్క అది. మీ బీరువాకు మాత్రం ఇది చేయకండి. అంత వేడికి అతుకులు విడిపోతాయి, అద్దం వెనక పూత లేచిపోతుంది.

గీకించడం మాట వద్దే వద్దు. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల సబ్బు వేసి, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఆర్చండి. తర్వాత కనపడని మూలన దూదితో కొంచెం స్పిరిట్ అద్దండి. అక్కడ జిగటగా మెత్తబడితే అది లక్క పాలిష్. అదే మీ అదృష్టం. లక్క పాలిష్‌ను గీకనక్కర్లేదు. లక్క రేకులు స్పిరిట్‌లో నానబెట్టిన పాలిష్‌ను పాతదాని మీదే మెత్తటి గుడ్డ ఉండతో పలచగా పూస్తూ పోతే రెండూ కలిసిపోతాయి. పాలిష్ పనివాళ్ళలో పెద్దవాళ్ళను అడగండి, చేతిలో ఆ గుడ్డ ఉండ తిప్పడం చూస్తేనే పని తెలిసినవాడో కాదో తెలుస్తుంది.

అవిసె నూనె పూసేవాళ్ళకు ఒక హెచ్చరిక. నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూలన పడేయకండి. ఆరుతూ ఆరుతూ ఆ నూనెలో దానంతటదే వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోక మంట లేస్తుంది. ఒక ఏప్రిల్ మధ్యాహ్నం మా మిద్దె మీద బకెట్లో పెట్టిన గుడ్డల్లోంచి పొగ రావడం పక్కింటి పిల్లవాడు చూసి కేక వేశాడు. అతను చూడకపోతే ఏమయ్యేదో. అప్పటినుంచి ఆ గుడ్డలు నీళ్ళ తొట్లో వేసి, తర్వాతే పారేస్తాను.

మీరు మోసపోలేదన్నా. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలును ముంచినప్పుడు మా వీధిలో నీళ్ళు సగం గోడ దాకా నిలిచాయి. నీళ్ళు తీశాక చూస్తే అప్పటికి రెండేళ్ళ కిందట కొన్న చెక్కపొడి బీరువా ఉప్మాలా ఉబ్బి, చేత్తో తాకితే రాలిపోయింది. మా అత్తగారి టేకు బీరువా నిండా బురద. కడిగి, ఎండలో పెట్టకుండా నీడలోనే, కింద ఇటుకలు పెట్టి, తలుపులు తెరిచి రెండు నెలలు ఆరనిచ్చాను. ఎండలో పెట్టిన వాళ్ళవి పలకలు వంకరపోయాయి. ఇవాళ పొద్దున కూడా చీర దాంట్లోంచే తీసుకున్నాను.

ప్రశ్న: అమ్మా, మా నాయనమ్మ ఇంట్లో రంగుల ఉయ్యాల ఉంది. పచ్చ, ఎరుపు, పసుపు పెయింటు. మా పాప పుట్టబోతోంది. రంగు అక్కడక్కడ లేచింది, ఉప్పుకాగితంతో రుద్ది మళ్ళీ రంగు వేయమంటారా?
– నంద్యాల నుంచి ఒక తల్లి

జవాబు: రుద్దొద్దు తల్లీ, నువ్వు అసలు దగ్గరికే పోవద్దు. పాత ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో సీసం ఎక్కువగా ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదని చట్టం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. పొడిగా రుద్దితే ఆ దుమ్ము గాల్లో లేస్తుంది. గర్భిణికి, పసిబిడ్డకు అది విషమే. పాపను అందులో పడుకోబెట్టొద్దు, పళ్ళు వచ్చే వేళకు అంచు నోట్లో పెట్టుకుంటుంది. ఉయ్యాలను తడిగుడ్డతో తుడిపించి, పిల్లలకు అందని చోట ఎత్తున కట్టి, దిండ్లు, దుప్పట్లు పెట్టుకోండి. మీ నాయనమ్మను అడిగి, ఆ గొలుసులు మాత్రం విప్పి కడిగి పాప కొత్త ఉయ్యాలకు వేయించండి, బరువు ఆగుతుందో లేదో ముందు ఇసుక మూటతో చూసుకుని.

ప్రశ్న: అక్కా, అటక మీద మా అత్తగారి ఇత్తడి కాగు, రెండు గుండిగలు, గంగాళం ఉన్నాయి. తూకానికి ఇచ్చేద్దామని మా ఆయన అంటున్నాడు. నాకు మనసు రావడం లేదు. ఏం చేసుకోను వాటిని?
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: తూకానికి ఇవ్వొద్దమ్మా. తూకంలో ఇత్తడికే ధర కడతాడు, పనితనానికి కట్టడు. కాగు మెడ దగ్గర వేలు పెట్టి చుట్టూ తిప్పి చూడు. సన్నటి సుత్తి దెబ్బలు వరసగా తగులుతాయి. అవి మనిషి ఒక్కొక్కటిగా కొట్టినవి. మిషను మీద తిప్పిన గిన్నెకు ఆ వరస ఉండదు.

గంగాళం వాకిట్లో పెట్టి నీళ్ళు పోసి పూలు తేలేయడం అందరూ చేస్తున్నదే. నేనైతే దాన్ని ఇంట్లో పడక కుర్చీ పక్కన పెట్టి దినపత్రికలు, ఊలు, కుట్టుపని వేసుకుంటాను. గుండిగలో మొక్క పెట్టాలంటే నేరుగా మన్ను పోయొద్దు, తడికి అడుగు పచ్చగా చిలుము పట్టి తినేస్తుంది. మొక్కను దాని కుండీతోనే లోపల దించు, అడుగున ఒక సాసరు పెట్టు. కాగు స్నానాల గదిలో నీళ్ళకే పెట్టుకో, అది పుట్టింది దానికే.

గుండిగలో వండాలనుంటే ముందు కళాయి పోయించు. కళాయి లేని ఇత్తడిలో పులుసు, మజ్జిగ, టమాటా తాకితే కిలుబు దిగి కడుపులో తిప్పుతుంది. కళాయి పోసేటాయన వస్తే పక్కన కూర్చుని చూడు. గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క అద్ది, దూదితో ఒక్క తిప్పు తిప్పగానే పసుపు గిన్నె లోపల వెన్నెలలా తెల్లబడుతుంది. ఆ పొగకు మాత్రం గాలి వాలు చూసుకుని కూర్చోవాలి.

తోమడానికి చింతపండు, సన్నటి ముగ్గుపిండి చాలు. మెరుపు పోకుండా వార్నిష్ కొట్టిస్తారు కొందరు. ఏడాదికి అది మచ్చలు మచ్చలుగా లేచి, కింద ఇత్తడి నల్లబడుతుంది. అద్దంలా మెరవాల్సిన పని కూడా లేదు. మాది నేను పండక్కే తోముతాను, మిగతా రోజుల్లో దానికి పట్టే తేనె రంగే నాకిష్టం.

ప్రశ్న: మేడం, మా అవ్వ పెళ్ళినాటి ధర్మవరం చీర మడతల దగ్గర చిరిగిపోయింది. కుషన్ కవర్లు కుట్టించనా, ఫ్రేము కట్టించనా? వెండి జరీ కొంటామని ఒకరు ఇంటికొచ్చి అడుగుతున్నారు.
– ధర్మవరం

జవాబు: అడిగేవాళ్ళకు ఇస్తే ఆ చీరను కాల్చి వెండి తీసుకుంటారు. అసలు జరీ అంటే పట్టు దారానికి వెండి తీగ చుట్టి, బంగారు పూత వేసింది. మీ ఊళ్ళో ఇది మీకే బాగా తెలుసు. కుషన్లు కుట్టించొద్దు. మడతల దగ్గర పగిలిన పట్టు, కూర్చునే బరువుకు నెలకే పీలికలవుతుంది.

కొంగు ఒక్కటే ఫ్రేము కట్టించండి. ఫ్రేము అంగడిలో జిగురుతో అంటిస్తామంటారు, ఒప్పుకోవద్దు. ఉతికిన ముతక నూలు గుడ్డ మీద కొంగును పరిచి, సన్నటి సూదితో చుట్టూ దూరం దూరంగా కుట్లు వేయించండి, రేపు ఎవరైనా విప్పుకోవాలన్నా వీలుగా. అద్దం గుడ్డకు తగలకుండా మధ్యలో చిన్న సందు. ఎండ పడే గోడ వద్దు. మిగిలిన చీరను మడవకుండా గుండ్రటి కట్టెకు చుట్టి పెట్టండి.

ధర్మవరం వాళ్ళు కాబట్టి ఇంకో మాట. మీ మండలంలోనే నిమ్మలకుంట ఉంది. 2020 పద్మశ్రీ పొందిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారి ఊరు. అక్కడ మేకతోలు మీద రంగులేసే కళాకారులు దీపాలకు తొడుగులు కూడా చేస్తున్నారు. అది కొత్త వస్తువే, పాతది కాదు. అయినా మీ అవ్వ కొంగు ఉన్న గదిలో అలాంటి దీపం ఒకటి వెలిగితే ఆ గదిలో అంతకుమించి ఇంకేమీ అక్కర్లేదు. లోపల ఎల్‌ఈడీ బల్బే వేయండి, వేడి బల్బుకు తోలు ముడుచుకుంటుంది.

ప్రశ్న: టీచర్ గారూ, ఒకాయన పాడుబడిన గుడి దగ్గర దొరికిందని రాతి విగ్రహం తెచ్చి ఇరవై వేలకు ఇస్తానంటున్నాడు. కొత్త ఇంటి ముందు తోటలో పెట్టుకోవాలని ఉంది. చెయ్యి ఒకటి విరిగింది.
– జమ్మలమడుగు ప్రాంతం

జవాబు: కొనకండి. ఇంటి గేటు లోపలికి కూడా రానివ్వకండి.

నూరేళ్ళు దాటిన శిల్పం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం నేరం. భూమిలో దొరికిందంటే 1878 నాటి నిధుల చట్టం కూడా ఉంది, పది రూపాయల విలువ దాటిన దేన్నైనా కలెక్టరుకు చెప్పాల్సిందే. చట్టం మాట అలా ఉంచండి. మన సీమలో గుప్తనిధుల పేరుతో ఎన్ని గుళ్ళ గర్భాలయాలు తవ్వేశారో, ఎన్ని నందులను పగలగొట్టారో ఊరూరా తెలుసు. ఆ విరిగిన చెయ్యి ఎలా విరిగిందో మీకు ఎవరు చెప్పగలరు? మీరు ఇచ్చే ఇరవై వేలు ఇంకో గుడికి గునపం కొనిపెడుతుంది. వెంటనే రెవెన్యూ వాళ్ళకో పోలీసులకో చెప్పండి. మీ ప్రాంతపు శిల్పాలు చూడాలనిపిస్తే కడపలో మహావీర్ మ్యూజియం ఉంది, పిల్లల్ని తీసుకుని వెళ్ళండి.

తాటాకు పుస్తకాలను గోడకు దండలా వేలాడదీసేవాళ్ళకు కూడా ఇదే మాట. చేతిరాత గ్రంథానికి 75 ఏళ్ళు చాలు, పురావస్తువైపోతుంది. కడపలో బ్రౌన్ దొర పేరిట ఉన్న గ్రంథాలయం అలాంటివి భద్రం చేస్తుంది. అక్కడ ఇవ్వండి, ఎవరో ఒకరు చదువుతారు. ఇంటి తోటకు రోలు, పొత్రం, విసుర్రాయి చాలు. అవి మన ఇళ్ళవే, గుడివి కావు.

ప్రశ్న: అమ్మా, తాతగారి లోలకం గడియారం, వాల్వు రేడియో రెండూ నా వంతుకు వచ్చాయి. గడియారం పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది. రేడియో ప్లగ్గు పెట్టి చూడనా? ఒక స్నేహితుడు ఇంకో పాత గడియారం కూడా అమ్మజూపుతున్నాడు.
– రైల్వే కాలనీ, గుంతకల్లు

జవాబు: రేడియో ప్లగ్గు పెట్టొద్దు నాయనా. ఏళ్ళ తరబడి మూలన పడిన రేడియోలో లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, కరెంటు తగలగానే పేలొచ్చు. వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్కు చూపించి తర్వాత పెట్టు. బాగుపడితే మొదట కడప స్టేషనే పెట్టు. 1963 నుంచీ సీమ ఇళ్ళలో పలుకుతున్న స్టేషను అది, మీ తాతగారు ఆ ముల్లును ఎన్నిసార్లు అక్కడ ఆపి ఉంటారో.

గడియారానికి రోగం ఉండకపోవచ్చు, అది వంకరగా వేలాడుతుండొచ్చు. రాత్రి ఫ్యాను ఆపి, లోలకం ఊపి, కళ్ళు మూసుకుని విను. టిక్కుకూ టక్కుకూ మధ్య ఎడం సమానంగా ఉండాలి. “టిక్‌టక్... టిక్‌టక్” అని కుంటుతుంటే గడియారం కింది అంచును పట్టుకుని వెంట్రుకవాసి ఎడమకు జరుపు, విను. ఇంకా కుంటితే కుడికి జరుపు. సమంగా వినిపించిన చోట గోడ మీద పెన్సిలుతో చిన్న గీత పెట్టు. మా ఇంట్లో ఆ గీత చూస్తే గడియారం వంకరగా పెట్టారని అందరూ సరిచేయబోతారు. నేను చెయ్యి అడ్డం పెడతాను. నేను సరిచేసింది చెవికి, కంటికి కాదు.

తర్వాత వేళ. లోలకం గుండు కింద చిన్న మర ఉంటుంది. గుండును పైకెత్తితే గడియారం తొందరపడుతుంది, కిందికి దించితే నెమ్మదిస్తుంది. ఒక్క చుట్టు తిప్పి ఒక రోజంతా ఆగి చూడాలి. ముఖం మీద రెండు తాళం రంధ్రాలుంటే చాలా వాటిలో కుడిది నడకకు, ఎడమది గంటలకు. ముల్లు వెనక్కి తిప్పొద్దు. ముందుకే తిప్పుతూ, ప్రతి గంట దగ్గరా ఆగి అది కొట్టడం పూర్తయ్యాకే ముందుకు పో.

స్నేహితుడి గడియారం కొనేముందు వెనక మూత తీయించు. లోపల ప్లస్ గుర్తు స్క్రూలు కనిపిస్తే వందేళ్ళ నాటిదన్న మాట నమ్మొద్దు. ఆ రకం స్క్రూలు వాడుకలోకి వచ్చింది 1930ల తర్వాత. తల మీద ఒకే గీత ఉన్న గాడి స్క్రూలు ఉన్నంత మాత్రాన పాతదని కూడా కాదు, మిగతావి కూడా చూడాలి. రవివర్మ పటాలకూ ఇలాంటి పరీక్షే ఉంది. 1894లో బొంబాయిలో ఆయన పెట్టిన ప్రెస్సులో రాతి మీద అచ్చయిన పటాన్ని భూతద్దంతో చూస్తే ఇసుక చల్లినట్టు చుక్కలు అడ్డదిడ్డంగా ఉంటాయి. ఇప్పటి అచ్చులో చుక్కలు వరసలుగా ముగ్గు వేసినట్టు ఉంటాయి. ఇవాళ్టి అచ్చే అయినా పటం నచ్చితే పెట్టుకో, ధర మాత్రం ఇవాళ్టి అచ్చు ధరే ఇవ్వు.

ప్రశ్న: అక్కయ్యా, మా తాత మునక ఊరి నుంచి తెచ్చిన వాకిలి తలుపులు పశువుల కొట్టం అటక మీద ఉన్నాయి. రెండు రెక్కలు, ఇత్తడి కడియాలు. బెంగుళూరులో ఉన్న మావాడు వాటిమీద అద్దం వేసి భోజనాల బల్ల చేయిస్తానంటున్నాడు. షెడ్డువాడు పన్నెండు వేలిస్తానన్నాడు. నాకేమీ తోచడం లేదు.
– ఆత్మకూరు, నంద్యాల జిల్లా

జవాబు: అన్నా, 1981లో శ్రీశైలం డ్యాము నీళ్ళు వస్తాయని ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు నాకు పదహారేళ్ళు. నందికొట్కూరు తాలూకాలో కృష్ణ ఒడ్డున మా పల్లె. మా నాయన మిద్దె మీద మన్ను తోడేసి, దంతెలు లాగి, దూలాలు దించి, అన్నిటికంటే చివర వాకిలి ఊడబెరికాడు. వాకిలి తీసేదాకా అది ఇల్లే కదా. గోడలు అక్కడే నిలబడి ఉన్నాయి, మధ్యలో నలుచదరం బొక్క. అందులోంచి అవతలి పొలం కనిపించింది. మా అమ్మ ఆ బొక్క వైపు చూడలేక బండి మీద అటు తిరిగి కూర్చుంది.

ఆ తలుపులు పదేళ్ళకు పైగా మా మేనమామ కొట్టంలో ఉన్నాయి. నేను కర్నూలులో ఇల్లు కట్టుకునేటప్పుడు తెచ్చుకున్నాను. నాకూ బల్ల చేయించమనే చెప్పారు. వడ్రంగి వచ్చి కొలత కూడా తీసుకున్నాడు. బల్ల కావాలంటే రెండు రెక్కల్నీ కలిపి బిగించాలి, కడియాలు కోసేయాలి, పైనా కిందా ఉన్న కొయ్య మొలలు తెగ్గొట్టాలి. ఆ కాలపు తలుపులకు ఇనుప బందులుండవు. రెక్క కొయ్యలోనే పైకొకటి, కిందికొకటి మొల వదిలి, ద్వారబంధం గుంతల్లో నిలబెడతారు. రెక్క ఆ మొలల మీదే తిరుగుతుంది. వడ్రంగి రంపం మొల మీద ఆనించినప్పుడు నేను వద్దన్నాను.

హాలుకూ వంటింటికీ మధ్య గోడ కడుతున్న మేస్త్రిని ఆపి, తలుపు కొలతకే సందు వదిలించాను. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. మా అబ్బాయిలిద్దరూ ఇరవై ఏళ్ళుగా అక్కడ తల వంచుకునే వెళ్తున్నారు. ఏటా ఉగాదికి కింది గుంతలో నాలుగు చుక్కల ఆముదం పోస్తాను. లోపలి వైపు మా జేజి సున్నంతో పెట్టిన పాల లెక్క గీతలు ఇంకా ఉన్నాయి, అయిదేసి చొప్పున. వాటిమీద పాలిష్ వేయనివ్వలేదు. 2009 వరద బురద ఆ గీతల పైదాకా వచ్చి ఆగింది. కడిగితే బురద పోయింది, గీతలు పోలేదు. ఎలా పోలేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

కాబట్టి నా మాట: అమ్మొద్దు, బల్ల చేయించొద్దు. మీవాడికి కోపగించుకోకండి, ఆ తలుపు కళ్ళముందు ఉండాలనే కదా అతనూ అడుగుతున్నది. బెంగుళూరు ఫ్లాటులో గోడ తొలిచే వీలుండదు. అలాగైతే ద్వారబంధంతో సహా ఒక గోడకు ఆనించి నిలబెట్టి, వెనక గుడ్డల అరలు కట్టించుకోమనండి. రెక్కలు తీసి వేసే తలుపుగానే ఉంటాయి. దింపే ముందు కొట్టంలోనే తిరగేసి, లోపలి వైపు తడి గుడ్డ పెట్టకుండా మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి చూడండి, మీ వాళ్ళ గీతలు కూడా ఉండొచ్చు. రెక్కల ఎత్తు, వెడల్పు, మొలల పొడవు కొలిచి నాకు రాయండి. ద్వారబంధం, గడప కూడా తెచ్చారో, తలుపులు మాత్రమే తెచ్చారో అదీ రాయండి. గడప లేకపోతే కొత్తది ఏ కొయ్యతో చేయించాలో చెప్తాను.